ఒకేలా వీచిన గాలి

నేను ఒక గాలి తెరను. మీ ముఖానికి తగిలే గాలిని కాను. ఇంజినీరు నీలవేణి తన కంప్యూటర్‌లో లక్షల అంకెలతో అల్లిన దొంగ గాలిని. నా ఒంట్లో ఒకచోట వేడి, పక్కనే చల్లదనం. నాలో దూరిన కాంతి తిన్నగా పోదు. ఎండలో తారురోడ్డు మీద దూరపు లారీ వణికినట్టు వణుకుతుంది.

కుదురుగా ఉండటం నా జాతికే చేతకాదు. అయినా నన్ను కట్టేశారు.

కొండ మీది ఆసుపత్రి నుంచి వచ్చే ఫోను తీగ ప్రతి వానకీ తెగుతుంది. రోగి ఎక్స్‌రే దిగువ పట్నంలోని డాక్టరుకు చేరేలోపు మనిషే పోతాడు. తీగకు బదులు కాంతిని పంపాలన్నది నీలవేణి పంతం. కొండ మీద లేజర్, పట్నంలో మేడ మీద దాన్ని పట్టే కటకం. కటకం ఎంత పెద్దదుండాలి? గాలి కాంతిని ఎంత చెదరగొడుతుందో ముందే లెక్కగట్టాలి. అందుకే నన్ను పుట్టించింది.

మా పుట్టుక విచిత్రం. ఒక అంకెను విత్తనంలా వేస్తే నేను మొలుస్తాను. వేరే అంకె వేస్తే వేరే గాలి. ప్రోగ్రాములో తప్పులు వెతికే రోజుల్లో, పోల్చుకోవడానికి వీలుగా నీలవేణి ఒకే అంకె పెట్టింది. తీయడం మరిచింది. వేలసార్లు పుట్టాను, ప్రతిసారీ నేనే. కాంతి అదే చోట వంగి, బుద్ధిగా చిన్న కటకంలో పడేది. ఆవిడ మురిసిపోయేది, నాకు ఒళ్లు మండేది. మనుషులంతే. ఒక్కణ్ణే వెయ్యిసార్లు అడిగి, వెయ్యిమంది ఒప్పుకున్నారంటారు.

చిన్న కటకానికి ఆర్డరు ఆ సాయంత్రమే వెళ్లాలి. డైరెక్టర్ సత్యప్రసాద్ అప్పటికే పైవాళ్లకు మాటిచ్చేశారు. పక్క కుర్చీ ఇంజినీరు పైడిరాజు టీ తాగుతూ మానిటర్ వైపు చూశాడు.

"ఏటి మేడం, మీ గాలికి ఇంకో పని నేదా? పొద్దున్న ఎలాగుందో ఇప్పుడూ అలాగే ఉంది. మా ఆవిడ కోపం కూడా ఇంత నిలకడగా ఉండదు."

నీలవేణి నవ్వబోయి ఆగింది. వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. నా అంకె దొరికింది. కొట్టేసింది. నా బొమ్మ మాత్రం మానిటర్ మూలన మిగిలింది. అక్కణ్ణుంచే చూశాను.

కొత్త గాలులు వరసగా విరుచుకుపడ్డాయి. ఒకటి కాంతిని పక్కకు తోసింది. ఒకటి ముక్కలు చేసింది. ఇంకొకటి కటకానికి ఆననివ్వకుండా గోడకేసి కొట్టింది.

తలుపు తోసుకుని డైరెక్టర్ వచ్చారు. "ఆర్డరు మీద సంతకం పెట్టావా అమ్మా?"

"లేదు సార్. చిన్నది పనికిరాదు. మూడింతల వెడల్పు కావాలి."

"నిన్నటిదాకా సరిపోయిందిగా! ఇప్పుడు నా పరువేం కావాలి?"

"నిన్నటిదాకా ఒక్క గాలినే అడిగాను సార్. తప్పు నాదని నా పేరే చెప్పండి. అక్కడ ఎక్స్‌రే ఆగితే మాత్రం మనిషి పోతాడు."

ఆయన మానిటర్ మీద చెదిరిన కాంతి చుక్క వంక చూశారు. మళ్లీ చూశారు. తిట్టుకుంటూనే కాయితం మీద పాత కొలత కొట్టేశారు.

వానాకాలంలో కొండచరియ విరిగి తీగను తెంపింది. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం, చెట్టు మీంచి పడినవాడి వెన్నెముక బొమ్మ కాంతి మీద పట్నానికి దిగింది. చుక్క పెద్ద కటకం అంచుదాకా వెళ్లి వణికింది. బయటపడలేదు.

పైడిరాజు నా బొమ్మను అచ్చుతీసి ల్యాబు గోడకు అంటించాడు. కింద "మేడం గారి పెంపుడు గాలి" అని రాశాడు. పై అంచుకే టేపు వేశాడు, బద్ధకస్తుడు. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. నా కింది అంచు రెపరెపలాడుతోంది.

ఇన్నాళ్లకు నాకు గాలి తగిలింది. ఒక్కసారి కూడా ఒకేలా తగల్లేదు.