వందన సమర్పణ వదినగారిది

చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె తిప్పుతుంటే ఆయన వెనక నుంచి వచ్చి "అయిందా?" అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న అదే. టీ అయిందా, వంట అయిందా, పిల్ల స్నానం అయిందా, నా ఉపన్యాసం సాపు రాయడం అయిందా. నువ్వు తిన్నావా అని ఎప్పుడూ అడగలేదని చెబితే పాపం తగులుతుంది. నాకు జ్వరం వచ్చినప్పుడు అడిగారు. అయిందని చొక్కా అందించాను. తొడుక్కుంటూ, అద్దంలోంచి నన్ను చూస్తూ, ఏదో వరం ఇస్తున్నట్టు చెప్పారు.

"ఇవాళ స్టేజీ మీద నీకూ అవకాశం ఇచ్చాం. వందన సమర్పణ నీదే."

ఇవాళ మా ఉపాధ్యాయ సంఘం యాభై ఏళ్ళ పండగ. ఆయన అధ్యక్షులు. నేనూ టీచర్నే, సంఘంలో ఆయనతో పాటే చేరినదాన్నే. కానీ సంఘంలో నన్ను టీచర్ అని పిలిచినవాళ్ళు లేరు. అందరికీ నేను వదినగారిని. వదినగారూ, టీ ఇంకో విడత కావాలి. వదినగారూ, బ్యానరుకి తాడేదీ. వదినగారూ, మీ చేతిరాత బాగుంటుంది, మినిట్స్ మీరే రాసెయ్యండి. సొంత మరుదులు లేని లోటు సంఘం బాగానే తీర్చింది.

వందన సమర్పణ మా దగ్గర ఎప్పుడూ ఆడవాళ్ళదే. అప్పటికి ముఖ్య అతిథి గడియారం చూసుకుంటూ ఉంటాడు, మగవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుతుంటారు, ఆడవాళ్ళలో చాలామంది వడ్డించడానికి అప్పటికే లేచి వెళ్ళిపోయి ఉంటారు. మైకు ముందు నిలబడితే కనిపించేవి వీపులే. కొన్నేళ్ళ కిందట నేను ఇలాగే వీపులకి ధన్యవాదాలు చెబుతుంటే, మధ్యలో కార్యదర్శి "వదినగారూ, ఒక్క నిమిషం" అని మైకు తీసేసుకుని, ఆఫీసు ముందు గదిలో క్యారమ్స్ బల్ల వేయాలని తీర్మానం పెట్టాడు. సగం మంది వెళ్ళిపోయాక ఇప్పుడేం తీర్మానమని ఎవరో అడిగారు. మా ఆయన అధ్యక్షుడి కుర్చీలోంచి గంభీరంగా చెప్పారు. "వందన సమర్పణ పూర్తయ్యేదాకా సభ సభే. సభ్యులెవరైనా తీర్మానం పెట్టొచ్చు. హాల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చేతులెత్తితే చాలు." చేతులెత్తారు, బల్ల వచ్చింది. అంతసేపూ నేను కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ రూలింగుని మినిట్స్‌లో రాసింది కూడా నేనే.

సంఘం ఆఫీసు వెనక ఒక పొడుగాటి గది ఉంది. నాకు సంఘమంటే ఆ గదే. ఆఫీసు వెనక వీధిలో ఇంటికి ఒకటే గది. పొయ్యి, మంచం, టీవీ, తాగొచ్చిన నాన్న, అన్నీ అందులోనే. పుస్తకం తెరుచుకుని కూర్చునే చోటు ఏ పిల్లకీ ఉండదు. సాయంత్రం మా బళ్ళు వదలగానే నేనూ, డ్రాయింగ్ టీచరూ ఆ గది తలుపులు తీస్తాం. పిల్లలు చెప్పులు బయట గుట్టగా పడేసి లోపలికి ఉరుకుతారు. లెక్కలు చేయిస్తాం, చదివిస్తాం, కొందరికి ముక్కు తుడుస్తాం. నన్ను మేడమ్ అని పిలిచేది వాళ్ళే.

ఆ సాయంత్రం బడి ఇరవై ఏళ్ళ కిందటి సమ్మెలో పుట్టింది. తాత్కాలిక టీచర్లని పర్మినెంట్ చేయాలని బళ్ళు మూసి నెల దాటింది. మగవాళ్ళు విద్యాశాఖ ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చుంటే, వెనక వీధి తల్లులు మా ఇంటి మీదికి వచ్చారు. "మీ ఉద్యోగాల కోసం మా పిల్లల్ని వీధిన పడేస్తారా?" అని ఒకావిడ నా మొహం మీదే అరిచింది. మర్నాటి నుంచి ఆ గదిలో చాపలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టాం. మా గొడవ సర్కారుతో గానీ మీ పిల్లలతో కాదని ఇంటింటికీ తిరిగి చెప్పాం. నా చంకలో ఏడాదైనా నిండని కూతురు. ఆయన్ని అప్పుడే అరెస్టు చేశారు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మొగుడు లాకప్పులో ఉంటే ఊళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దిస్తావా? సిగ్గుండాలి" అన్నారు. లాకప్పుకి క్యారియరు పంపించి, నిన్నటి క్యారియరు కడిగి, అప్పుడు బయల్దేరేదాన్ని. చివరికి నా మీద అరిచిన ఆ తల్లే పదిమందిని వెంటేసుకుని అధికారి కారుకి అడ్డంగా కూర్చుంటే ఉత్తర్వులు వచ్చాయి. లాకప్పులోంచి వచ్చినవాళ్ళని ఊరేగించారట. నేను చూడలేదు. ఊరేగింపు తిరిగొచ్చేసరికి భోజనాలు సిద్ధం కావాలి కదా, వంట దగ్గరున్నాను.

ఆ భోజనాల ఫోటో ఒకటి సంఘంలో ఉంది. వరసగా కూర్చుని తింటున్న నాయకులు, ఫోటో అంచున గరిటె పట్టుకున్న ఒక చెయ్యి, మోచేతి దాకా. ఆ చెయ్యి నాది. సంఘం చరిత్రలో నేను మోచేతి దాకా ఉన్నానని డ్రాయింగ్ టీచర్‌తో అని నవ్వుకునేదాన్ని. ఈ మధ్య ఆ ఫోటోని పెద్దది చేయించారు. అంచు కత్తిరించి.

ఎందుకు పెద్దది చేయించారంటే, కిందటి నెల కమిటీ వెనక గదిని ఉద్యమ చరిత్ర మందిరంగా మార్చాలని నిర్ణయించింది. గోడల నిండా నాయకులు. మధ్యలో అద్దాల బీరువా, అందులో ఆయన లాకప్పులో తిన్న క్యారియరు. అటక మీద పడున్న దాన్ని మొన్న నాచేతే దింపించి, నాచేతే తళతళలాడేలా తోమించారు. తోముతూ అడిగాను.

"మరి పిల్లలు?"

"ఇంకా ఎన్నాళ్ళు నడుపుతావు? ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, వాళ్ళే నేర్చుకుంటారు."

"ఆ పిల్లల చేతుల్లో ఉన్నాయేమో మీరొచ్చి చూశారా?"

"సెంటిమెంట్లు వద్దు. కమిటీ నిర్ణయం. అయినా నీ మంచికే చెబుతున్నా. సాయంత్రాలు కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

నా మంచి కోసం ఆయన చాలా చేశారు. హెడ్మాస్టరు పరీక్ష రాయొద్దన్నది నా మంచికే. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు దూరమై నేను నలిగిపోతానట. ఇంట్లో నలగడం మాత్రం లెక్కలోకి రాదు. ఇప్పుడు ఈ విశ్రాంతి సంగతీ నాకు తెలుసు. ఆయన ఇల్లు చేరే వేళకి తలుపు తీసే మనిషి, పొయ్యి మీద టీ. వడ్రంగి సోమవారం వస్తాడని చెప్పి ఆయన స్నానానికి వెళ్ళారు. క్యారియరు గిన్నెలో నా మొహం వంకరగా కనిపించింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినా చేతులు తోముతూనే ఉన్నాయి, అదీ నా బతుకు.

ఇవాళ హాలు గుమ్మంలో కొత్తగా చేరిన సైన్సు టీచరు నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నా మీద అరిచిన తల్లి కూతురే ఈ పిల్ల. ఆ చాపల మీదే చదువుకుంది.

"మేడమ్, సోమవారం నుంచి పిల్లల్ని ఎక్కడికి రమ్మందాం?"

"లోపల కూర్చోమ్మా" అన్నాను.

సభలో ఆయన సంఘం చరిత్ర చెప్పారు. సమ్మె దగ్గరికి రాగానే గొంతు బరువెక్కించి, "వెనక వీధి ప్రజలు తమంతట తామే కదిలి వచ్చారు" అన్నారు. సాపు రాసేటప్పుడు ఆ వాక్యంలో నేను ఉపాధ్యాయినులు ఇంటింటికీ తిరిగారని చేర్చాను. ఉపన్యాసం పొడుగైపోతుందని ఆయన కొట్టేశారు. ఉపన్యాసం గంట దాటి నడిచింది. లాకప్పులో దోమల గురించే ఎంతసేపు చెప్పారో! ముగించే ముందు ఇంకో కబురు చెప్పారు. ఈసారి వంటకీ వడ్డనకీ మనుషుల్ని పెట్టారట. "మన ఆడవాళ్ళకి కూడా ఇవాళ విశ్రాంతి" అంటే చప్పట్లు మోగాయి. మొదటి పంక్తి మాత్రం ఎప్పటిలాగే మగవాళ్ళది.

నా పేరు పిలిచేసరికి కిటికీ అవతల వంటల వాసనలు మొదలయ్యాయి. ఆయన అతిథి చెయ్యి పట్టుకుని లేస్తూ నా చెవి దగ్గర, "రెండు నిమిషాలు. పేర్లు చదివేసి ముగించు" అన్నారు. కార్యదర్శి మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "త్వరగా కానివ్వండి వదినగారూ, కూరలు చల్లారిపోతాయి" అన్నాడు. కుర్చీలు బరబరా జరిగాయి. నేను తల వంచి చదవడం మొదలుపెట్టాను. హాలు ఇచ్చినవారికి, మైకు పెట్టినవారికి, కుర్చీలు వేసినవారికి. కాగితం చివరికి వచ్చి తలెత్తాను.

ఎదురుగా మొహాలు ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి వీపులు కాకుండా మొహాలు. వడ్డించే పని లేదు, మొదటి పంక్తిలో చోటు లేదు, ఎక్కడికి పోతారు? చీరలు సర్దుకుంటూ, చేతిసంచులు ఒళ్ళో పెట్టుకుని మా టీచర్లందరూ అలాగే కూర్చుని ఉన్నారు. మగవాళ్ళ వైపు కుర్చీలన్నీ ఖాళీ. మూడో వరసలోంచి సైన్సు టీచరు నన్నే చూస్తోంది. క్యారమ్స్ బల్ల గుర్తొచ్చింది.

నా భయం స్టేజీ గురించి కాదు, ఇల్లు గురించి. ఆయన కొట్టరు, తిట్టరు. మాట్లాడటం మానేస్తారు. కంచం ముందు కూర్చుని గోడ వైపు చూస్తారు. ఉప్పు కావాలన్నా ఆ గోడకే చెబుతారు. ఆ మౌనానికి జడిసి నేను మింగిన మాటలన్నీ ఒకచోట పోస్తే ఈ హాలు సరిపోదు. ఇవాళ కూడా మింగితే సోమవారం ఆ పిల్లలు మూసిన తలుపు ముందు చెప్పులు విప్పుకుని నిలబడతారు.

మైకు దగ్గరికి జరిగాను.

"వందన సమర్పణ ఇంకా పూర్తికాలేదు. కాబట్టి సభ సభే. అధ్యక్షులవారు భోజనానికి వెళ్ళారు కనుక ఉపాధ్యక్షురాలు వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి."

ఉపాధ్యక్షురాలు మా డ్రాయింగ్ టీచరే. అధ్యక్షుడు ఎప్పుడూ ఊరు దాటడు కనుక ఆ పదవిని ధైర్యంగా ఆడవాళ్ళకి ఇచ్చారు. బ్యానరు కింద కూర్చుని ఉన్న ఆవిడ ఉలిక్కిపడి, "నేనా?" అంది. "మీరే" అన్నాను. తను రాసిన బ్యానరు రంగు గోళ్ళలో ఇంకా పోకుండానే వచ్చి, ఆయన మర్చిపోయిన కళ్ళజోడు పెట్టెని తీసి పక్కన పెట్టి, ఆ కుర్చీలో కూర్చుంది. కాసేపు అంచున కూర్చుంది. తర్వాత వెనక్కి ఆనుకుంది.

"నేను ఈ సంఘం సభ్యురాలిని" అన్నాను. ఈ మాట మైకులో ఎప్పుడూ అనలేదు, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. "ఒక తీర్మానం పెడుతున్నాను. ఆఫీసు వెనక గది సాయంత్రం బడికే ఉండాలి. చరిత్ర మందిరం కావాలంటే ముందు గదిలో, క్యారమ్స్ బల్ల తీసేసి పెట్టుకోవాలి."

"నేను బలపరుస్తున్నాను!" సైన్సు టీచరు లేచి నిలబడింది. గొంతు కీచుమంది, అయినా కూర్చోలేదు.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంది డ్రాయింగ్ టీచరు.

చేతులు వెంటనే లేవలేదు. సంఘంలోనే భర్తలున్నవాళ్ళు కిటికీ వైపు చూశారు. అవతల కంచాల చప్పుడు, మా ఆయన పెద్దగా నవ్వడం వినిపిస్తున్నాయి. ముందు వరసలో రిటైర్ కాబోతున్న టీచరొకావిడ, మోకాళ్ళ నొప్పితో లేవలేక, కూర్చునే చెయ్యెత్తింది. "క్యారమ్స్ బల్లకి ఎత్తిన చెయ్యే కదా ఇది, దీనికి ఎత్తితే విరిగిపోదులే" అంది పక్కావిడతో. ఎవరో ఫక్కున నవ్వారు. చేతులు లేచాయి. ఇద్దరు ముగ్గురు ఎత్తలేదు. వాళ్ళని నేనేమీ అనుకోను. ఎవరింటి గోడ వాళ్ళకి తెలుసు.

"తీర్మానం నెగ్గింది" అని డ్రాయింగ్ టీచరు బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఆ చప్పుడుకో ఏమో, ఆయన తలుపు దగ్గరికి వచ్చారు. కడగని కుడిచేయి చొక్కాకి తగలకుండా దూరంగా పట్టుకుని ఉన్నారు. వెనకే కార్యదర్శి. ఆయన నన్ను చూశారు, తన కుర్చీలో ఉన్న మనిషిని చూశారు, ఇంకా దింపని చేతుల్ని చూశారు.

"అయిందా?" అన్నారు. అలవాటు మాట, అంతకంటే వేరే మాట దొరికినట్టు లేదు.

"ఇంకా కాలేదండీ. ఒకరికి చెప్పడం మిగిలిపోయింది" అని మైకు దగ్గరికి లాక్కున్నాను.

"చివరగా, నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఒక్కరూ మిగలకుండా భోజనానికి వెళ్ళి, ఈ తీర్మానం నెగ్గడానికి ఎంతగానో సహకరించిన పెద్దలందరికీ సంఘం తరఫున నా హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంతటితో సభ ముగిసింది."