మందే బతికించిందట

పెన్సిలిన్ కొత్తగా వచ్చిన రోజులు. లిదియమ్మ తన నర్సు చీరకు గంజి పెట్టి పిండుతుంటే, మిషను బడి అయ్యవారైన ఆమె మొగుడు ఆశీర్వాదం అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివాడు. "ఆత్మకూరు ఆసుపత్రిలో అద్భుతం. పెన్సిలిన్‌తో బాలింతకు పునర్జన్మ." మందు దొరల సీమ నుంచి వచ్చిందట, డాక్టరు గారు సాక్షాత్తూ ధన్వంతరి అట. మందు తెప్పించిన బాలింత మామగారి కారు రంగుతో సహా రాశారు.

"నీ పేరు ఏడుండాది లిదియా? మందే బతికించిందంట. ఇంక నువ్వెందుకు ఆడ? అమ్మ చెప్పినట్టు ఈ నెలతో మానెయ్."

అత్తగారి మాట కొత్తదేం కాదు. "ఊరోళ్ళ మైలగుడ్డలు ఎత్తే కోడలు నాకొద్దు" అని పెళ్ళైన నాటి నుంచీ నూరిపోస్తూనే ఉంది. లిదియమ్మకు ఒళ్ళు మండింది. మందుకేం, సీసాలో హాయిగా కూర్చుంటుంది. రాత్రనక పగలనక సూది ఉడకబెట్టి పొడిచిందెవరు? జ్వరంతో కాలిపోతున్న ఆ బాలింత రాఘవమ్మ ఒంటిని తడిగుడ్డతో తుడిచిందెవరు? పురిటి మైలంటూ రాఘవమ్మ అత్త ఆసుపత్రి గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. లిదియమ్మ దాహమడిగితే, గ్లాసు అంటుపడుతుందని దోసిట్లో నీళ్ళు పోసింది. లిదియమ్మ ఆ నీళ్ళే తాగి మళ్ళీ సూది పట్టుకుంది. రాఘవమ్మ కళ్ళు తెరిచి మొదట పట్టుకున్నది ఆమె చెయ్యినే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు గర్వంతో గుండె నిండిపోతుంది.

అంతలో రాఘవమ్మ ఊరివాడే, వెంగయ్య అనేవాడు, నర్సమ్మ ఇల్లు వాకబు చేసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో కడిగిన ఖాళీ సీసా.

"నా పెండ్లానికి బాలింత జొరమమ్మా. ఆ పేపర్లో మందు ఇందులో పోపించు, పొద్దుగూకేలోపల ఇంటికి పోతాను."

"మనిషేది?"

"పురుడు ఎళ్ళకుండా గడప దాటగూడదంది మాయమ్మ. మందుంటే చాలని పేపర్లో ఏసినారంట గదా."

పేపరువాడు తనను మరిచిపోయాడనే ఇంతసేపూ లిదియమ్మ ఉడికింది. ఆ మరుపుకు ఇప్పుడు ఎవరో బాలింత పిల్ల ప్రాణం పోయేలా ఉంది. ఆమెకు భయం వేసింది.

"అది తాగే మందు కాదు నాయనా, సూది. పక్కన మనిషి ఉండి పొడవాల. బండి కట్టి ఇప్పుడే తీసుకురా. మీయమ్మ అడ్డమొస్తే, ఆ మైలంతా నేను పడతానని చెప్పు."

వెంగయ్య సీసా కిందికి దించాడు. "రాఘవమ్మ కూడా ఇదే చెప్పినాది. మందు తరవాత, ముందు లిదియమ్మని అడుగు అన్నాది. మాయమ్మే ఇనలా. లిదియమ్మంటే నువ్వేనా అమ్మా?"

అరుగు మీద ఆశీర్వాదం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేనే. పో, బండి కట్టు."

అతను వెళ్ళాక ఆమె మొగుడి వైపు తిరిగింది.

"రాత్రికి అన్నం మీరే వండుకోండి. అత్తకు కూడా పెట్టండి. నేను మానితే ఆ పిల్లకు సీసానే మిగులుతాది."