ఇసుకలో వాకర్

బొడ్డమ్మను పడగొట్టింది ఆమె మొగుడు ఎల్లాజీ కాదు. మీరు. సిమెంటు రోడ్డును పైవీధి మలుపు దాకా తెచ్చి, "అవతలంతా చేపలోళ్ల ఇళ్లే కదా" అని చేతులు దులుపుకున్న పెద్దమనుషులారా, మీరే పడగొట్టారు. ఎలాగో వినండి.

ఎండుచేపల గంప దించుతూ జారిపడి బొడ్డమ్మ తుంటి విరిగింది. టెక్కలిలో ఆపరేషన్ చేసి, లోపల ప్లేటు వేసి, వాకర్ ఇచ్చి పంపారు. రోజూ నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, మళ్లీ పడితే మాత్రం ఇక కాలు మీద ఆశ వదులుకోండి అన్నాడు డాక్టరు.

ఆటో మలుపు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి సముద్రం దాకా ఇసుకే. ఆమెను మంచం మీద మోసుకెళ్లారు. మర్నాడు గుమ్మం దిగి వాకర్ ముందుకు వేస్తే నాలుగు కాళ్లూ జానెడు లోపలికి దిగిపోయాయి. లాగబోయి తూలింది.

"దీన్నొగ్గీ మావా. తెడ్డియ్యి, అదట్టుకుని నడుత్తాను."

"తెడ్డు ఒంటిసేతికే గదే. రెండు సేతులూ ఆనాలన్నాడు డాట్రు."

సముద్రం తప్ప మరొకటి ఎరగని ఎల్లాజీ పాత వల నుంచి బెండ్లు కోసుకొచ్చాడు. వలను నీళ్ల మీద తేల్చే బెండ్లు. వాకర్ కాళ్లకు తొడిగి నైలాన్ తాడుతో బిగించాడు.

"నీటి మీద తేలింది ఇసకలో దిగిపోద్దేటి?"

"ఓలమ్మ! నన్నేటి, సముద్రం మీద ఏటకి పంపుతన్నావా?" అని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

నిజంగానే దిగలేదు. రోజుకు కాస్త దూరం. ఎల్లాజీ ఆమెకు ఎదురుగా వెనక్కి నడిచేవాడు. చేపలు ఆరబెట్టే ఆడవాళ్లు పని ఆపి చూసేవారు. మలుపు చేరిన రోజున బొడ్డమ్మ వాకర్ ఎత్తి సిమెంటు అంచు మీద పెట్టింది. ఇసుకలో నిలిచిన బెండ్లు నున్నటి సిమెంటు మీద జారిపోయాయి. ఎల్లాజీ చేతికి చీర కొంగు అందింది. మనిషి అందలేదు.

మళ్లీ టెక్కలి. ప్లేటు కదిలిపోయింది, మళ్లీ కోసి బిగించాలన్నారు. కూతురు చిన్నతల్లిని తోడు ఉంచి ఎల్లాజీ బట్టల కోసం ఊరికొచ్చాడు. బస్సులో వచ్చినంతసేపూ తనను తానే తిట్టుకున్నాడు. మలుపులో రోడ్డు పనులు చూసే కామేశ్ ఎదురయ్యాడు.

"ఏటి మావా, పెళ్లాన్ని వల్లాగ ఇసిరీసినావట?"

ఎల్లాజీ తల దించాడు. కాళ్ల ముందు రోడ్డు కత్తితో కోసినట్టు ఆగిపోయి ఉంది.

"అవున్రా. బెండ్లు కట్టింది నానే. కట్టాల్సిన కరమ నాకేల వచ్చినాది? సెప్పు."

"పైవోల్లు సెప్పాల మావా. నా సేతిలో ఏటుంది?"

"అయితే ఆల్లకే సెప్పు. నా ఆడది తిరిగొచ్చీలోపు ఇక్కడి నుంచి సివరింటి దాకా సిమెంటు పడాల. రేపే పని మొదలెట్టండి. అందాకా నానీడే కూకుంటాను. మీ బండి ఒక్కటీ ఈ మలుపులో తిరగనియ్యను."