మొదట చూపించినదే

ఆబిడ్స్‌లో ఇంద్రసేన సేఠ్ చీరల దుకాణంలో వెంకటేశం ఇరవై ఏళ్లుగా వంగి లేస్తూనే ఉన్నాడు. చీరలు పరవడం, మడవడం, అరల్లో సర్దడం. వచ్చినవాళ్లు మొదటి చీరను పక్కకు నెట్టి, అరలన్నీ దింపించి, చివరికి ఆ మొదటిదే పట్టుకుపోతారు. వాళ్ల ముచ్చట వాళ్లది, నడుము మాత్రం వెంకటేశానిది.

ఆరునెలల కిందట ఆ నడుము పట్టేసింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు.

"ఫొటోల లేని నొప్పి ఏందిర? అంత బహానా!" అన్నాడు సేఠ్. డాక్టరు కాగితం తెస్తే కూర్చునే పని ఇస్తానని, లేకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానని తేల్చేశాడు. పని పోవడం కన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే వెంకటేశానికి ఎక్కువ బాధనిపించింది.

నాంపల్లిలోని ఒక దవాఖానలో డాక్టర్ లక్ష్మణరావు, బెజవాడ వైపు మనిషి, అతణ్ని ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు మూడింట్లోకి మూడు సూదులు దించాడు. సేఠ్ స్వయంగా వచ్చి తలుపు బయట బెంచీ మీద కాపు కూర్చున్నాడు. నమ్మకం అలాంటిది.

"ఒక్కోదాంట్లోకి మందు ఎక్కిస్తానండీ. ఏదో ఒక నొప్పి కాదు, మీకు రోజూ వచ్చే నొప్పే వస్తే చెప్పాలి. దాన్నిబట్టే పాడైన డిస్కేదో తెలుస్తుంది."

మొదటి సూదిలో మందు ఎక్కింది. సలుపు నడుములో మొదలై ఎడమ తొడలోకి జరజరా దిగింది. అదే! ఆరునెలల నొప్పి పిలిచినట్టు వచ్చేసింది. వెంకటేశానికి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. కానీ ఇరవై ఏళ్ల దుకాణం బుద్ధి అడ్డుపడింది. మొదట చూపించినదాన్నే ఒప్పుకుంటే, ముందే అనుకుని వచ్చాడనరూ?

పళ్లు బిగబట్టి, "ఇంకోటి చూపియ్యున్రి సార్," అన్నాడు.

రెండోది ఊరికే బరువుగా అనిపించింది. మూడోదీ అంతే.

"గింతేనా సార్? లోపట ఇంకేమన్న ఉన్నయా?"

"ఇది దుకాణమటయ్యా? మూడూ మీ నొప్పి కాదంటే కాగితం మీద అదే రాస్తాను," అంటూ డాక్టరు సూదులు తీయబోయాడు.

వెంకటేశం బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "ఆగున్రి సార్! మొదాలు చూపిచ్చిన్రు చూడున్రి... గది మల్లొక్కసారి."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా!"

"మొదటిదానికే ఔ అంటే ఎవరు నమ్ముతరు సార్?"

డాక్టరు తల పట్టుకోబోయి, చేతి తొడుగులు గుర్తొచ్చి ఆగాడు. మొదటి సూదిలోకి మళ్లీ మందు ఎక్కించాడు.

"గిదే! గిదే కట్టియ్యున్రి!"

ఆ కేకకు బయట సేఠ్ బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఇక కాగితం అడగలేదు.

వారం తర్వాత వెంకటేశం దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త మనిషి ఇంకా దొరక్క సేఠే చీరలు పరుస్తున్నాడు. ఒకావిడ ముప్పై చీరలు దింపించి, మొదటిదే కావాలంది. కుప్ప అడుగు నుంచి దాన్ని లాగబోయిన సేఠ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అమ్మో... నిజంగనే నొస్తుందిర వెంకటేశం."

వెంకటేశం మెల్లగా లేచి తన స్టూలు ఆయన వైపు జరిపాడు.

"సూదులు అక్కర్లే సేఠ్. నేను నమ్ముతున్న."