శవాల బండికి ఆపద బటన్

పియెద్ర గోర్దా ఊళ్ళో చచ్చినవాళ్ళని సాగనంపే పని మూడు తరాలుగా సుబిరియా వాళ్ళదే. తాత గుర్రబ్బండి తోలాడు. తండ్రి ఒకే వ్యాగన్‌ని ఇరవై ఏడేళ్ళు తోలి, చివరికి తనూ అందులోనే వెళ్ళాడు. ఇప్పుడు పెత్తనమంతా కూతురు ఎర్మెలిందాది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఊరందరి ఏడుపూ నా ఇంట్లోనే ఉంది, ఇంకా మొగుడెందుకు?" అనేది.

ఆ ఏడు ఆమె కొత్త వ్యాన్ కొంది. నల్లగా నిగనిగలాడే బండి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోగల సీటు, వెనక శవపేటిక జారకుండా ఇత్తడి పట్టాలు. అద్దం పైన కప్పుకి ఒక ఎర్ర బటన్ కూడా ఉంది. అది నొక్కితే, సెల్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం మీదుగా, ఎక్కడో మోంతెర్రేయ్ నగరంలో కూర్చున్న మనిషి పలుకుతుంది. బండి దేనికైనా గట్టిగా గుద్దుకుంటే మనం నొక్కకపోయినా తనే పలుకుతుంది. మూడు నెలలు ఉచితం, ఆ తర్వాత నెలకు నాలుగు వందల పెసోల చందా. ఆ మూడు నెలలూ వచ్చే శనివారంతో అయిపోతున్నాయి.

"అక్కా, మన బండెక్కేవాడికి జరగాల్సిన ప్రమాదం జరిగిపోయాకే కదా ఎక్కేది" అన్నాడు తమ్ముడు ఫిదెన్సియో. బండి తోలేది అతనే. "ఇంకా వాడికి ఆపద బటనెందుకు?"

"తోలేవాడి కోసంరా. నువ్వింకా బతికే ఉన్నావనుకుంటున్నా."

"నాకేమవుతుంది? ముప్పై ఏళ్ళలో ఒక్క గీత పడిందా?"

"ముప్పై ఏళ్ళూ నువ్వు గంటకి పాతిక కిలోమీటర్ల మీద పోలేదు. నీ వెనక వచ్చేవాళ్ళు నడిచి వస్తారు."

ఎర్మెలిందా ఏ పనీ తొందరపడి చేసే మనిషి కాదు. ఊళ్ళో పదిమందినీ అడిగింది. ఫాదర్ అన్సెల్మో, ప్రయాణికులను కాపాడే సాన్ క్రిస్తోబల్ బొమ్మ ఒకటి తగిలించుకోమన్నాడు. ఆయన నెలనెలా చందా అడగడు అని కూడా అన్నాడు. మందుల షాపు రెఫుహియో మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోమంది. మొత్తం మీద తేలిందేమిటంటే, బండి లేనివాళ్ళంతా తీసుకోమన్నారు, బండి ఉన్నవాళ్ళంతా వద్దన్నారు. అలా బుధవారం దాకా ఎటూ తేలలేదు.

ఆ మంగళవారమే తేనెటీగల మకారియో లుహాన్, ఎనభై నాలుగేళ్ళవాడు, దురాంగో ఆసుపత్రిలో పోయాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఊరి చర్చిలో ప్రార్థన, ఆపైన ఖననం. మకారియో మేనల్లుడు నాబోర్ మరణ ధ్రువపత్రం తీసుకుని, ఫాదర్‌తోనూ శ్మశానం వాళ్ళతోనూ మాట్లాడి పెడతానని తెల్లారేసరికే తన బండిలో ముందు వెళ్ళిపోయాడు. పదకొండింటికి ఆసుపత్రి నుంచి శవంతో వ్యాన్ బయల్దేరింది. స్టీరింగ్ దగ్గర ఫిదెన్సియో, ఈ చివర ఎర్మెలిందా, ఇద్దరి మధ్యా మకారియో భార్య దోన్యా సొకొర్రో, ఆమె ఒళ్ళో బీన్స్ పెట్టి కాల్చిన గోర్దిత రొట్టెల మూట.

కొండ మలుపు దగ్గర రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన ఒక గాడిద నిలబడి ఉంది. ఫిదెన్సియో బండిని పక్కకి తిప్పాడు. ముందు చక్రం కాలవలో పడింది, ఏదో విరిగిన చప్పుడైంది, ఎయిర్‌బ్యాగులు ఫట్టున విచ్చుకుని ముగ్గురి మొహాలకీ పిండి కొట్టాయి. గాడిద మాత్రం అడుగు కదపలేదు. ఆ మలుపులో సెల్‌ఫోన్లు పనిచేయవని అందరికీ తెలుసు. అయినా ఎర్మెలిందా తన ఫోను తీసి చూసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఇంతలో కప్పులోంచి ఒక ఆడగొంతు పలికింది.

"నమస్కారమండీ, నా పేరు యాదిరా. మీ బండికి దెబ్బ తగిలినట్టు ఇక్కడ కనిపిస్తోంది. మీరు బానే ఉన్నారా?"

ఎర్మెలిందా గొంతు నిండా ఆ తెల్లపొడి. దగ్గుతోంది తప్ప మాట రావటం లేదు. ఫిదెన్సియోకి పక్కనున్న ముసలావిడ ఏమైందోనని భయం వేసింది. ఆమె వైపు తిరిగి, "సొకొర్రో!" అని కేక పెట్టాడు. వాళ్ళ భాషలో ఆ పేరుకి కాపాడండి అని అర్థం.

"కంగారు పడకండి సార్, కాపాడటానికే ఉన్నాం. బండిలో ఎంతమంది ఉన్నారు?"

ఫిదెన్సియోకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "నలుగురం."

"అందరికీ స్పృహ ఉందా?"

"ముగ్గురికి ఉంది."

"నాలుగో ఆయన ఊపిరి తీసుకుంటున్నారా?"

"లేదండి."

అటువైపు టకటకా టైపు చేస్తున్న చప్పుడు. "అంబులెన్స్ పంపిస్తున్నాను. ఈలోగా నేను చెప్పినట్టు చెయ్యండి సార్. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టండి."

"వెల్లకిలానే ఉన్నాడు."

"ఛాతీ మీద రెండు చేతులూ పెట్టండి."

"పెట్టే ఉన్నాయండి. మా అక్కే పెట్టింది."

"ఊపిరి ఆగి ఎంతసేపైంది?"

ఫిదెన్సియో ఒక్క క్షణం లెక్క చూసుకున్నాడు. "మంగళవారం నుంచి."

అటు టైపు చప్పుడు ఆగిపోయింది. అప్పటికి ఎర్మెలిందా గొంతు పెగిలింది. తామెవరో, బండి ఏమిటో, వెనక ఉన్నదెవరో చెప్పింది. తర్వాత యాదిరా, "పోయినాయన గురించి విని బాధగా ఉందండీ" అంది చిన్న గొంతుతో. "కానీ అంబులెన్స్ బయల్దేరిపోయింది. నలుగురు ప్రయాణికులని రాసేశాను. రాసింది కొట్టెయ్యడం నా చేతిలో లేదు. పైవాళ్ళు కొట్టెయ్యాలి, వాళ్ళు భోజనానికి వెళ్ళారు."

"ఎంతసేపట్లో వస్తుంది?"

"యాభై నిమిషాలు. అప్పటిదాకా నేను లైన్‌లోనే ఉంటాను. అది మా రూలు."

దోన్యా సొకొర్రోకి చీలమండ వాచింది. ఎర్మెలిందా ఆమె కాలు ఎత్తి ముందున్న అరమీద పెట్టించింది. ముసలావిడ కాసేపు కప్పువంక చూసి, గొంతు సవరించుకుని, "నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగింది.

"డ్యూటీలో తినకూడదమ్మా."

"అయితే మేం తినొచ్చా?"

"మీరు తినండి, పరవాలేదు."

ముగ్గురూ తలో రొట్టె తిన్నారు. ముసలావిడ తింటూనే మకారియో సంగతులు మొదలుపెట్టింది. పెళ్ళి అడగటానికి వచ్చినప్పుడు అతను కానుకగా ఒక తేనెపట్టు పెట్టె పట్టుకొచ్చాడట. ఆమె తండ్రి మిఠాయి అనుకుని మూత తీశాడట. పెదాలు వాచిపోయి ఆ మనిషి కాదనలేకపోయాడట, అవుననలేకపోయాడట. తల ఊపాడు, అది అవుననే అనుకుని పెళ్ళి చేసేశారు. కప్పులో యాదిరా ఫక్కున నవ్వి, వెంటనే క్షమించమంది.

"నవ్వమ్మా, ఏం పోయింది" అంది ముసలావిడ. "ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు ఆయనేం చేసేవాడని అడగలేదు. అందరూ ఏ జబ్బని అడిగారు."

యాదిరా అడిగింది. ఎన్ని పెట్టెలుండేవి, ఏ పువ్వు తేనె బాగుంటుంది, కుడితే ఏం రాసుకునేవారు, అన్నీ అడిగింది. ఎర్మెలిందా తలుపు తీసుకుని రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని వింటోంది. ముప్పై ఏళ్ళుగా ఎవరింట చావు జరిగినా పక్కన కూర్చునేది తనే. కాఫీ కలిపేది తనే, వాళ్ళు చెప్పేవన్నీ వినేది తనే. ఇవాళ తను చెయ్యాల్సిన పని ఇంకెవరో చేస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి అది హాయిగానే ఉన్నట్టు అనిపించింది, అందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

అంబులెన్స్ వచ్చింది. అందులోంచి ఎరాక్లియో అనే పెద్దాయన కాగితం పట్టుకుని దూకాడు. "ఊపిరాడని పేషెంటు ఎక్కడ?"

ఫిదెన్సియో వెనక తలుపు తెరిచి చూపించాడు. ఎరాక్లియో పేటిక వంక చూశాడు, కాగితం వంక చూశాడు, మళ్ళీ పేటిక వంక చూశాడు. "ఏంటండీ ఇది?" అన్నాడు. తర్వాత వెళ్ళి ముసలావిడ కాలు చూసి, పియెద్ర గోర్దా ఆరోగ్య కేంద్రంలో ఎక్స్‌రే తీయించాలి, ఎక్కండి అన్నాడు.

"ఆయన లేకుండా నేను డాక్టరు దగ్గరికి వెళ్ళను" అంది దోన్యా సొకొర్రో. "యాభై రెండేళ్ళలో ఎప్పుడూ ఒక్కదాన్నే వెళ్ళలేదు."

"అంబులెన్స్‌లో శవాన్ని ఎక్కించుకోకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

ఎర్మెలిందా లేచి వచ్చింది. "ఏదీ, ఆ కాగితం చూడనివ్వండి. ఈయన చచ్చిపోయినట్టు ఎక్కడ రాసుంది?"

ఎరాక్లియో పైనుంచి కిందదాకా చదివాడు. "ఊపిరి లేదని ఉంది."

"చచ్చిపోయాడని లేదుగా?"

"మరి ధ్రువపత్రం ఏది?"

"ఊళ్ళో ఆయన మేనల్లుడి దగ్గరుంది. అది లేకుండా ఈయన చనిపోయాడని మీరెలా అంటారు? చనిపోలేదనుకుంటే రోడ్డు మీద ఎలా వదిలేస్తారు?"

ఎరాక్లియో దిక్కుతోచక అటూ ఇటూ చూశాడు. వ్యాన్ కప్పులోంచి యాదిరా మెల్లిగా, "మా రికార్డు ప్రకారం ఆయన ప్రయాణికుడేనండి" అంది.

పేటిక అంబులెన్స్‌లో పట్టలేదు. అందుకని మకారియోని గోధుమరంగు సూటుతో, పొట్టమీద కొత్త టోపీతో స్ట్రెచర్ మీదికి మార్చారు. ఖాళీ పేటికకి కాపలాగా ఫిదెన్సియో ఉండిపోయాడు. ఊపిరాడని పేషెంటు ఉన్నప్పుడు సైరన్ వెయ్యాలన్నది కూడా రూలేనట. ఎరాక్లియో పళ్ళు బిగించి సైరన్ వేశాడు.

చర్చి మెట్ల మీద నల్లబట్టల్లో ఊరంతా ఎదురుచూస్తోంది. వాళ్ళ ముందునుంచే అంబులెన్స్ కూతపెట్టుకుంటూ దూసుకుపోయి ఆరోగ్య కేంద్రం దగ్గర ఆగింది. స్ట్రెచర్ మీద మకారియో దిగాడు. పక్కనే దోన్యా సొకొర్రో ఒంటికాలి మీద కుంటుతూ, ఆయన చెయ్యి పట్టుకుని ఎప్పటిలాగే ఏదో చెబుతూ నడుస్తోంది. ఇంకేముంది, ఐదు నిమిషాల్లో ఊరంతా పాకింది, మకారియో బతికాడని.

ఆ కబురు నాబోర్ చెవిన పడేసరికి అతను తన పెరట్లో ఉన్నాడు. పొద్దున్న ఎనిమిదికల్లా కాగితాలు ఫాదర్ చేతిలో పెట్టి, అక్కణ్నించి సరాసరి మావయ్య ఇంటికి వెళ్ళి వెండి పనితనం ఉన్న జీను, రేడియో, పన్నెండు తేనె పెట్టెలు తన ఇంటికి చేరేసుకున్నాడు. ఎలాగూ తనకే రావాలి కదా, రేపటిదాకా ఆగటమెందుకని అతని ఉద్దేశం. ఇప్పుడు అన్నీ బండిలో పడేసుకుని మళ్ళీ మావయ్య ఇంటికి పరిగెత్తాడు. పొద్దున చల్లటి వేళ తేనెటీగలు మగతలో ఉండి ఊరుకున్నాయి. ఇప్పుడు మండుటెండ. పైగా ఒకేరోజు రెండోసారి ఇల్లు కదుపుతున్నారు. అవి ఊరుకోలేదు.

అతను ఆరోగ్య కేంద్రంలోకి వచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, రెండో కన్నులో సగమే మిగిలింది. తడుముకుంటూ స్ట్రెచర్ దాకా వచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు.

"మావయ్యా, జీను అక్కడే పెట్టేశాను. రేడియో కూడా. పెట్టెలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కోప్పడకు మావయ్యా."

మావయ్య ఏమీ అనలేదు. దోన్యా సొకొర్రో మంచం మీంచి తొంగిచూసింది. కాలికి కట్టు కడుతున్న నర్సు కూడా పని ఆపింది.

"ఏం జీనురా?" అంది ముసలావిడ.

నాబోర్ వేలితో కన్ను రెప్ప పైకెత్తి స్ట్రెచర్ మీదికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అతనికి విషయం అర్థమైందని ఎర్మెలిందాకి అతని వీపు చూస్తేనే తెలిసింది.

"బానే ఉంది" అంది ముసలావిడ. "ఎక్కడివక్కడే ఉన్నాయిగా. ఉండనీ. నేను పోయాక చూద్దువుగాని. నర్సమ్మా, వాడి మొహానికి ఏదైనా రాయి."

ఊరూరా ఆగుతూ వచ్చే ఒక గొడ్ల లారీలో, పేటిక మీద కూర్చుని ఫిదెన్సియో వచ్చేసరికి ఐదున్నరైంది. ఆరింటికి ప్రార్థన జరిగింది. మకారియో ఖననానికి ఊళ్ళో ఎన్నడూ రానంత జనం వచ్చారు. కొందరు దుఃఖంతో వచ్చారు, చాలామంది ఈసారైనా ఖాయమేనా అని చూడటానికి వచ్చారు.

శనివారం ఉదయం చందా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. యాదిరా కాదు, ఎవరో హుషారైన మగమనిషి. ప్రమాదంలో నలుగురినీ క్షేమంగా చేర్చామని మా రికార్డులో ఉంది, చాలా సంతోషం అన్నాడు.

"ముగ్గుర్నండి" అంది ఎర్మెలిందా.

"అయ్యో. నాలుగో ఆయన?"

"ఆయన్ని చేరాల్సిన చోటికి చేర్చారు."

"మరి చందా విషయం ఏమనుకున్నారు మేడం?"

ఫిదెన్సియో ఎదురుగా కాఫీ తాగుతూ తల అడ్డంగా ఊపాడు. "అక్కా, నిజం చెప్పు. అంబులెన్స్ అటు వెళ్ళిన పది నిమిషాలకే గొడ్ల లారీ వచ్చింది. ఆ పిల్ల లేకపోయినా మనం ఊరు చేరేవాళ్ళమే. ఇంకా పేటిక మార్చే గోల కూడా ఉండేది కాదు."

అందులో అబద్ధం ఏమీ లేదు. ఎర్మెలిందా అది ఒప్పుకుంది కూడా. "చేరేవాళ్ళమే. కానీ ఆ లారీవాడు మకారియో తేనె ఏ పువ్వుదని అడిగేవాడా?"

"ఆ పిల్ల రూలు కాబట్టి లైన్లో ఉంది."

"రూలు లైన్లో ఉండమంటుందిరా. నవ్వమని ఎక్కడా రాసి ఉండదు."

ఫిదెన్సియో మిగిలిన కాఫీ తాగేశాడు. "సరే, తీసుకో. కానీ ఈసారి ఎవరు మాట్లాడాలో ముందే అనుకుందాం" అన్నాడు.

ఫోనులో ఉన్న మనిషి పేరు, ఊరు, బండి నంబరు రాసుకున్నాడు. చందా ఒక ఏడాదికి కడతానంది ఎర్మెలిందా.

"చివరిగా ఒక్క ప్రశ్న మేడం. మీ బండిలో మామూలుగా ఎంతమంది ప్రయాణం చేస్తుంటారు?"

ఎర్మెలిందా ఆలోచించి చెప్పింది. "వెళ్ళేటప్పుడు ముగ్గురం. వచ్చేటప్పుడు ఇద్దరం."