కిటికీ ఊచ పట్టుకున్న బరువు

నేనొక బరువు చూసే మిషన్ని. కాకినాడలో నన్ను తిట్టని మనిషి లేడు. మొదట ఒక జిమ్‌లో ఉండేదాన్ని. అక్కడ తగ్గనివాళ్లంతా నా ముల్లే చెడిపోయిందన్నారు. యజమాని విసిగిపోయి నన్ను ఈ ఆడవాళ్ల నర్సింగ్ హోమ్‌కి అమ్మేశాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఇక్కడికొచ్చేవాళ్లు చెప్పులు విప్పుతారు, గాజులు తీస్తారు, ఊపిరి బిగబడతారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని ఎవరు చెప్పారో! అంతా అయ్యాక "చీరకి రెండు కిలోలు తీసెయ్యండి సిస్టర్" అని బేరం. బంగారం కొట్లో తరుగు తీసినట్టు.

బేరాలైతే భరిస్తాను. సత్యవేణి చేసిన పని మాత్రం భరించలేకపోయాను. కాలేజీ హాస్టల్లో వంట చేసే మనిషి. గర్భసంచిలో గడ్డలు, ఆగని రక్తస్రావం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెళ్లిన ప్రతి ఆసుపత్రిలోనూ "ముందు బరువు తగ్గి రా, తర్వాత ఆపరేషన్" అన్నారట. నిలబడలేని మనిషి ఎలా తగ్గుతుంది? ఆమాత్రం తెలివి వాళ్లకుండక్కర్లేదా?

అందుకని ఆవిడ నా మీదికెక్కి, చెయ్యి వెనక్కి చాచి కిటికీ ఊచ పట్టుకుని, కొంత బరువు దాని మీదికి తోసేసింది. ఆడపడుచు భూలక్ష్మి ఆ చెయ్యి కనపడకుండా అడ్డం నిలబడింది. సిస్టర్ నా ముల్లు మాత్రమే చూసి ఎనభై ఆరు రాసుకుంది. మత్తుమందు లెక్క ఈ అంకెను చూసే కడతారు తల్లీ అని అరవాలనిపించింది. నాకు నోరేదీ?

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు సత్యవేణిని ఒకసారి, అంకెని ఒకసారి చూసి, "మళ్లీ ఎక్కించండి" అన్నాడు. సర్జన్ నస్రీన్ వచ్చి సరిగ్గా కిటికీ ముందే నిలబడింది. ఈసారి ఊచ అందలేదు. ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఆగింది. సత్యవేణి భోరుమంది.

"నిజం చెబితే మళ్లీ పంపేత్తారనండి. ఇంక నా ఒంట్లో రక్తం లేదండి."

"ఎవరూ పంపరు," అంది నస్రీన్. "లావుగా ఉన్నవాళ్లకి పొట్ట పెద్దగా కోస్తేనే కుట్లు చీము పట్టే భయం ఎక్కువమ్మా. చిన్న రంధ్రాలతో చేస్తే తొందరగా లేస్తారు. కాకపోతే మాకు పని కష్టం. తల కిందికి వాల్చి పడుకోబెడితే మీకు ఊపిరీ కష్టం. కుదరకపోతే కొయ్యాల్సీ రావచ్చు. వీటన్నిటికీ ముందే సిద్ధపడాలంటే నాకు అసలు బరువు కావాలి కదా."

ఆపరేషన్ మామూలు కంటే చాలాసేపు పట్టిందట. కొయ్యాల్సిన అవసరం మాత్రం రాలేదని సిస్టర్లు చెప్పుకుంటుంటే విన్నాను. నాకెంత సంతోషమైందో ఎవరికీ పట్టలేదనుకోండి.

కుట్లు చూపించుకోవడానికి వచ్చిన రోజు సత్యవేణి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచొచ్చి, నా మీదికెక్కి, చేతులు కట్టుకుని నిలబడింది.

"తొంభై ఏడు," అని సిస్టర్ మర్యాదకి గొణిగింది.

"గట్టిగా చెప్పండమ్మా," అంది సత్యవేణి. "బయట బెంచీల మీదోళ్లకి ఇనపడాల."