ఒక్క మార్కు జవాబు

మార్కాపురంలో కరుణాకరం మాస్టారి కోచింగ్ సెంటర్‌లో ఏ ప్రశ్నకూ రెండో జవాబు ఉండదు. జంతుశాస్త్రాన్ని బిట్లుగా తరిగి పిల్లల నోట్లో పోస్తాడాయన. "ప్రియాన్‌లో జన్యు పదార్థం ఉందా? లేదు. ఉత్త ప్రొటీన్. రాసుకో, పక్క బిట్టుకు పో!" ఇరవై ఏళ్లుగా ఇదే పాట.

ఆయన మేనకోడలు రమణి ఆ పాట నమ్మి మోసపోయింది.

మూడేళ్ల కిందట గిద్దలూరులో రమణి తల్లి నాగమల్లేశ్వరి పోయింది. మొదట మతిమరుపు, తర్వాత నడక తడబాటు, ఆరు నెలలకు కన్నకూతుర్నే ఎవరమ్మా నువ్వని అడిగింది. హైదరాబాదు డాక్టరు ప్రియాన్ జబ్బన్నాడు, చెడిన ప్రొటీన్ మెదడును తినేస్తుందట. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో వస్తుంది, పిల్లలు రక్తపరీక్ష చేయించుకుంటే మంచిదని చీటీ రాసిచ్చాడు. రమణి ఆ చీటీ పట్టుకొని మేనమామ దగ్గరికి పరుగెత్తింది. ఇంటిమొత్తానికి చదువుకున్నవాడు ఆయనే మరి.

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి నవ్వాడు.

"దాంట్లో జన్యువే లేదు పాపా. లేని జన్యువు వంశంలోకి ఎట్ల వస్తది? డాక్టర్లకేం పని, టెస్టులు రాస్తానే ఉంటారు. నిమ్మళంగా పో."

తల్లి జబ్బు తనకూ వస్తుందేమోనన్న భయంతో పెళ్లయినా బిడ్డలు వద్దనుకున్న రమణి, ఆ మాటతో గుండె మీది కుంపటి దించుకుంది.

గత నెల ఆమె అన్న సురేష్ బండి తాళం చేతిలోనే పెట్టుకొని ఇల్లంతా వెతికాడు. వారానికి మెట్లెక్కలేకపోయాడు. ఈసారి డాక్టర్లు రక్తం తీసి చూశారు. తల్లి నుంచి వచ్చిందే. రమణికీ వచ్చే అవకాశం సగానికి సగం ఉందన్నారు.

మర్నాడే ఆమె బస్సెక్కి వచ్చి, పిల్లలు వెళ్లిపోయిన క్లాసుగదిలో మామకు సంగతంతా చెప్పింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నోరు మాత్రం పాత దారినే పోయింది.

"ప్రియాన్‌లో జన్యు పదార్థం లేదు పాపా. నేను చెప్పింది తప్పు కాదు. పుస్తకం తీసి చూపిస్తా."

"తప్పు కాదు మామా, డాక్టరు గూడా అదే చెప్పినాడు. దాంట్లో లేదంట. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువు మన ఒంట్లోనే ఉందంట. అది చెడితే ఇది చెడతదంట. నేను అడిగింది దాని సంగతి కాదు, మా సంగతి."

అయినా ఆయన పుస్తకం కోసం అలమార తెరిచాడు. రమణికి జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

"అవ్వ ఎట్ల పోయింది మామా?"

అవ్వ, అంటే కరుణాకరం తల్లి, కూడా యాభై దాటకుండానే కాళ్లు తడబడి, మనుషుల్ని మరిచిపోయి చనిపోయింది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించుకొచ్చింది అప్పటికే డిగ్రీ చదువుతున్న కరుణాకరం.

ఇంట్లో ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలో డాక్టరు రాసిచ్చిన కొత్త చీటీని రమణి బల్ల మీద పెట్టింది. ఆయన చదువుతూ ఒక పేరు మీద వేలు పెట్టి ఆగాడు.

"దీంట్లో నా పేరేంది?"

"నువ్వూ అవ్వ కొడుకువే గదా."

ఆయన చీటీని మడవబోయి, మడవకుండానే బల్ల మీద పెట్టాడు. "నువ్వు చేయించుకున్నావా?"

"రేపు పోతున్నా. ఉందని తేలితే ఏం చేయాల్నో నువ్వే చెప్పు." ఆమె కొంగు సర్దుకొని పొట్ట మీద చెయ్యి పెట్టింది. "ఐదో నెల మామా. నీ మాట మీద కంటున్న బిడ్డ ఇది."